గుమ్మం బయట బల్ల మీద కూర్చున్నవాళ్లు

పిల్లల పఠన కార్యక్రమాలు నడిపే గ్రంథాలయాలకు, పాఠశాలలకు, స్వచ్ఛంద సంస్థలకు బహిరంగ లేఖ

నిర్వాహకులకు నమస్కారం.

సెలవు రోజున పిల్లలను మీ కథాసమయానికి తీసుకువచ్చే పెద్దవాళ్లు ఆ గంటసేపూ ఏం చేస్తారో మీకు తెలుసు, నాకూ తెలుసు. పిల్లలను లోపలికి పంపి గుమ్మం బయట బల్ల మీద కూర్చుంటారు. కొందరు ఫోను చూసుకుంటారు, కొందరు ఊరికే గోడవైపు చూస్తూ ఉండిపోతారు. గంట కాగానే బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్లిపోతారు. లోపల ఏ కథ చదివారో, తమ బిడ్డ ఎక్కడ నవ్వాడో, ఎక్కడ భయపడి పక్కవాడికి దగ్గరగా జరిగాడో వాళ్లకు తెలియదు. మనం చెప్పం. వాళ్లు అడగరు.

నేను 20 ఏళ్లకు పైగా ఇలాంటి కార్యక్రమాల్లో పిల్లలకు కథలు చదివి వినిపిస్తున్నాను. ఆ బల్ల మీదివాళ్లను లోపలికి పిలవాలన్న ఆలోచన నాకు రావడానికి అందులో సగం కాలం పట్టింది. అంత ఆలస్యం మీ దగ్గర జరగకూడదనే ఈ లేఖ రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. నాలుగేళ్ల బిడ్డ రోజుకు సుమారు 12 గంటలు మేలుకుని ఉంటే వారానికి 84 గంటలు. అందులో మన వాటా ఒక్క గంట. వాన పడినా, జ్వరం వచ్చినా, తీసుకువచ్చేవాళ్లకు తీరిక లేకపోయినా అదీ ఉండదు. మిగిలిన 83 గంటల్లో చాలా భాగం ఆ బిడ్డ గడిపేది బయట కూర్చున్న ఆ మనిషితోనే. మన గంటను ఎంత ముచ్చటగా తీర్చిదిద్దినా, పాత్రకో గొంతు పెట్టి ఎంత రక్తి కట్టించినా, ఆ మనిషికి మనం ఏమీ అందించకపోతే మన కథ మన గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

చదువు అక్షరాలతో మొదలవుతుందని మనలో చాలామంది నమ్ముతాం. అందుకే బడిలో వేసేదాకా ఇంటికి ఇందులో పని లేదనుకుంటాం. 1986లో ఫిలిప్ గాఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ఒక సరళమైన సూత్రం చెప్పారు. రాసినదాన్ని చదివి అర్థం చేసుకునే శక్తి రెండు శక్తుల గుణకారం అన్నారు. ఒకటి అక్షరాలను చూసి మాటను పలకగలగడం. రెండోది మాటలను విని అర్థం చేసుకోగలగడం. కూడిక అనకుండా గుణకారం అనడంలోనే అసలు విషయం ఉంది. రెండింటిలో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. మొదటి శక్తిని బడి నేర్పగలదు, నేర్పి తీరాలి. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిస్తే తెలుగు లిపిలో నేర్వవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. వాటికి కొన్నేళ్ల సాధన కావాలి, ఆ సాధన చేయించే ఓపిక ఉపాధ్యాయులకు ఉండాలి. రెండో శక్తి మాత్రం పుట్టిన రోజు నుంచీ ఇంట్లో పోగవుతూ ఉంటుంది. 'కొలను' అన్న మాట ఎన్నడూ వినని బిడ్డ ఆ మూడక్షరాలనూ తప్పులేకుండా కూడబలుక్కుని చదివి, తలెత్తి మన ముఖంలోకి చూస్తుంది. చదివాను కదా, మరి ఏమీ తెలియలేదేమిటి అన్న ఆ చూపు నేను ఎన్నో ముఖాల్లో చూశాను.

మాటలతోపాటు లోకజ్ఞానమూ అంతే. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ బేస్‌బాల్ ఆట గురించిన ఒక భాగాన్ని పిల్లలతో చదివించారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందుండి ఆట తెలియని పిల్లలకంటే విషయాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. అంటే మొక్కల గురించో, యంత్రాల గురించో, తాను చేసే పని గురించో బిడ్డతో మాట్లాడే పెద్దవాళ్లు పుస్తకం ముట్టకపోయినా బిడ్డను చదువుకు సిద్ధం చేస్తున్నట్టే. ఈ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది మనం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పేద కుటుంబాల పిల్లలు నాలుగేళ్లు వచ్చేసరికి సంపన్న కుటుంబాల పిల్లలకంటే 3 కోట్ల మాటలు తక్కువ వింటారన్న మాటను మీ సమావేశాల్లో చాలాసార్లు విన్నాను. బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ 1995లో ప్రచురించిన పుస్తకం నుంచి వచ్చిన లెక్క అది. వాళ్లు చూసినవి 42 కుటుంబాలు. అందులో ప్రభుత్వ సహాయంతో బతికేవి 6 మాత్రమే. డగ్లస్ స్పెరీ, సహచరులు 2018లో వేరే ప్రాంతాల్లో మళ్లీ పరిశీలించినప్పుడు అంత తేడా కనిపించలేదు. బిడ్డ చుట్టూ ఉన్నవాళ్లందరి మాటలూ లెక్కలోకి తీసుకుంటే చిత్రం మారిపోయింది. అయినా ఆ 3 కోట్ల అంకె మాత్రం వేదికల మీద అలాగే తిరుగుతోంది. డబ్బులేని తల్లిదండ్రుల ముందు నిలబడి 'మీ ఇంట్లో మాటలు తక్కువ' అనడానికి దాన్ని వాడేవాళ్లను చూసి నా మనసు చివుక్కుమన్న సందర్భాలున్నాయి. దయచేసి ఆ పని చేయకండి. సిగ్గుతో తలదించుకున్న మనిషి బిడ్డతో ఎక్కువగా మాట్లాడడు. ఇంకాస్త ముడుచుకుపోతాడు.

దానికి బదులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మందితో రేచెల్ రోమియో, సహచరులు చేసి 2018లో ప్రచురించిన పరిశోధన చెప్పండి. పెద్దవాళ్లతో మాటకు మాట ఎక్కువగా సాగే పిల్లలు కథ వింటున్నప్పుడు, మెదడులో భాషకు సంబంధించిన ఒక భాగం మరింత చురుగ్గా పనిచేసింది. ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. చెవిన పడిన మాటల రాశికంటే అటూ ఇటూ సాగిన సంభాషణే ఎక్కువ లెక్కకు వచ్చింది. ఒకరు మాట విసరడం, మరొకరు అందుకుని తిరిగి విసరడం. ఇది ఏ ఇంటికైనా సాధ్యమే.

పుస్తకం చేతిలో ఉన్నప్పుడు ఈ మాటకు మాట ఎలా సాగాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే చూపింది. రెండు మూడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రుల్లో సగం మందికి ఒక చిన్న శిక్షణ ఇచ్చారు. గడగడా చదువుకుంటూ పోవద్దు, ఆగి అడగండి అన్నారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించండి. బిడ్డ ఒక ముక్క చెబితే దానికి మరో ముక్క అతికించి తిరిగి ఇవ్వండి. బిడ్డ 'పిట్ట' అంటే 'అవును, పిట్టే. గూడు వదిలి ఎక్కడికి వెళ్తోందో?' అనండి. రెండో సగం తల్లిదండ్రులు అన్నే సార్లు పుస్తకం తీసి తమకు అలవాటైన పద్ధతిలో చదివారు. ఒక్క నెల గడిచేసరికి మొదటి సగం పిల్లలు మాట్లాడే శక్తిని కొలిచే పరీక్షల్లో కొన్ని నెలల పెరుగుదలంత ముందుకు వెళ్లారు. పుస్తకం తీసింది ఇద్దరూ అన్నే సార్లు. మారిందల్లా పెద్దవాళ్లు చదివే తీరు. మన కథాసమయాల్లో మనకు అలవాటైన ఈ విద్యను బయట కూర్చున్నవాళ్లకు నేర్పకుండా ఎందుకు దాచుకుంటున్నాం?

'వాళ్లలో చాలామందికి చదవడం రాదు కదా' అంటారు. నేనూ అలాగే అన్నాను, ఒక తాతగారు నా నోరు మూయించేదాకా.

మనవరాలిని ప్రతి వారం తీసుకువచ్చి బయటే కూర్చునే పెద్దాయన ఆయన. ఒకరోజు లోపలికి రమ్మన్నాను. "నాకు చదువు రాదండి. నేను లోపలికి వచ్చి ఏం చేయను?" అన్నారు. బొమ్మలు చూడటం వచ్చు కదండీ అని, మాటలు లేని ఒక బొమ్మల పుస్తకం చేతిలో పెట్టాను. అందులో ఒక పడవ, ఒక తుఫాను, ఒక కుర్రవాడు. మనవరాలు పక్కన చేరింది. ఆయన మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు. చాలాసేపు చూసి, "ఈ పడవ గీసినవాళ్లు వడ్రంగిని అడగలేదమ్మా" అన్నారు. "పలకకూ పలకకూ మధ్య ఇంత సందు వదిలితే నీళ్లు రావూ?" ఆయన జీవితమంతా చెక్క పనే చేశారని నాకు అప్పుడే తెలిసింది. "మరి ఏం చేయాలి తాతా?" అని ఆ పిల్ల అడిగింది. ఆయన చేతులతో చూపించడం మొదలుపెట్టారు. చెక్క నీటికి ఎలా ఉబ్బుతుంది, సందు ఎలా పూడుస్తారు, ఏ చెక్క కుళ్లిపోతుంది, ఏది నిలుస్తుంది. నేను చదువుతున్న కథ వదిలేసి పిల్లలు ఒక్కొక్కరే ఆయన దగ్గరికి జరిగారు. చివరికి నేనూ పుస్తకం మూసి అక్కడికే వెళ్లి కూర్చున్నాను. ఆ రోజు ఆ పిల్లలకు తెలిసిన కొత్త మాటలు నేను ఒక నెలలో కూడా చెప్పి ఉండను.

ఆ తర్వాత నుంచి 'చదువు రానివాళ్లు' అన్న మాట వాడటం మానేశాను. ఆయనకు రానిది లిపి. కథ, మాట, జ్ఞానం, ఓర్పు అన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. గాయని డాలీ పార్టన్ 1995లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో తాను పుట్టిన సెవియర్ కౌంటీలో పసిపిల్లలకు నెలనెలా పుస్తకం ఇంటికి పంపే కార్యక్రమం మొదలుపెట్టింది. చదవడం, రాయడం రాని తన తండ్రే దానికి ప్రేరణ అని చెప్పింది. అక్షరం రాని ఇంటిని లోటుగా చూడకుండా అక్కడి నుంచే బయలుదేరిన పని అది.

చదువు రాని తల్లిదండ్రులతో ఏం సాధిస్తాం అనేవాళ్లకు జమైకా సంగతి చెప్పాలి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ లేఖలో నేను చెప్పదలచుకున్న రెండు విషయాలూ, అంటే చదువూ నడవడికా, ఇక్కడే కలుస్తాయి. 1986, 1987 సంవత్సరాల్లో కింగ్‌స్టన్ నగరంలోని పేద కుటుంబాల నుంచి, ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలను శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం ఎంచుకుంది. వారిలో కొందరి ఇళ్లకు వారానికోసారి స్థానిక ఆరోగ్య కార్యకర్త వెళ్లి ఒక గంట గడిపేది. ఆమె ఏమీ పెద్ద డిగ్రీలున్న మనిషి కాదు. పారేసిన సీసాలు, డబ్బాలు, గుడ్డపీలికలతో చేసిన ఆటవస్తువులు తీసుకువెళ్లేది. బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో, ఏది చూసి మెచ్చుకోవాలో తల్లికి చేసి చూపేది. ఇలా రెండేళ్లు. అంతే. సుమారు 20 ఏళ్ల తర్వాత ఆ పిల్లలను వెతికి పట్టుకున్నారు. అలాంటి సహాయం అందని వాళ్లకంటే వీళ్ల సంపాదన 25 శాతం ఎక్కువగా ఉంది. ఈ ఫలితం 2014లో ప్రచురితమైంది. అంతకంటే నన్ను కదిలించింది మరొకటి. పెద్దయ్యాక వీళ్లు కొట్లాటల్లో, హింసాత్మక నేరాల్లో పాల్గొనడం తక్కువ.

ఆ కార్యకర్తలు ఏ ఇంట్లోనూ నీతిపాఠాలు చెప్పలేదు. తల్లికీ బిడ్డకూ మధ్య ఆట, మాట పెంచారు. నడవడిక దానితోపాటు వచ్చింది. అమెరికాలో యిప్సిలాంటి పట్టణంలో 1962 నుంచి 1967 వరకు నడిచిన పెర్రీ ప్రీస్కూల్ కార్యక్రమంలోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ పిల్లలు రోజూ తరగతికి వచ్చేవారు; ఉపాధ్యాయులు వారానికోసారి ఇంటికి వెళ్లి తల్లితో, బిడ్డతో కూర్చునేవారు. పిల్లల తెలివితేటల పరీక్షల్లో మొదట కనిపించిన పెరుగుదల కొన్నేళ్లకు కరిగిపోయింది. అప్పట్లో కొందరు కార్యక్రమం విఫలమైందనుకున్నారు. కానీ ఆ పిల్లలు 40 ఏళ్ల వయసుకు వచ్చాక చూస్తే వాళ్లకు ఉద్యోగాలు, సంపాదన మెరుగ్గా ఉన్నాయి, అరెస్టులు తక్కువ. ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, సహచరులు లెక్కలు తీసి, దీనికి చాలావరకు కారణం నడవడికలో వచ్చిన మార్పేనని తేల్చారు.

కాబట్టి కార్యక్రమ పత్రాల్లో 'అక్షరాస్యత' ఒక పేజీగా, 'విలువలు' ఇంకో పేజీగా రాసుకునే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది. విలువల పేజీలో సాధారణంగా రెండు విషయాలు ఉంటాయి. బహుమతులు, కథ చివర నీతి. ఈ రెండింటి గురించీ నాకు గట్టి అభిప్రాయం ఉంది.

ముందు బహుమతులు. నెలలో 10 పుస్తకాలు చదివినవారికి పతకం అన్న పోటీని మేము ఒకప్పుడు నడిపాం. ఆ ఆలోచన నాదే. మొదటి నెల గది కిటకిటలాడింది. రెండో నెలకల్లా సన్నటి పుస్తకాల అర ఖాళీ అయిపోయింది, లావు పుస్తకాల మీద దుమ్ము పేరుకుంది. అంతకుముందు ఒకే పుస్తకాన్ని మూడు వారాలు పొడుగునా తిరగేస్తూ, అందులోని ఏనుగుకు నాకు తెలియని పేరు పెట్టుకున్న ఒక పిల్లవాడు, ఇప్పుడు పుస్తకం తెరవకుండానే పేరు రాయించుకోవడానికి వచ్చాడు. "ఏనుగు ఏమైంది నాన్నా?" అని అడిగాను. "అది ఒకసారి లెక్కలోకి వచ్చేసింది కదండీ" అన్నాడు. ఆ జవాబు విన్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పోటీ ఆపేశాం. ఆ పిల్లవాడు మాత్రం మళ్లీ రాలేదు.

తర్వాతెప్పుడో తెలిసింది, దీన్ని 1973లోనే మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చూపించారని. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే శిశుపాఠశాల పిల్లల్లో కొందరికి, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి గీయించారు, ఇచ్చారు. కొన్ని రోజులయ్యాక ఏ బహుమతీ లేకుండా రంగుల పెన్నులు ముందు పెడితే, ఆ పిల్లలు మిగిలినవాళ్లు గడిపినదానిలో సగం సమయమే వాటితో గడిపారు. ఇష్టంగా చేసే పని కూలికి చేసే పనిగా మారిపోయింది. ఏమీ చెప్పకుండా గీశాక ఇచ్చిన ప్రశంసాపత్రం మాత్రం ఇష్టాన్ని తగ్గించలేదు. పిల్లలను మెచ్చుకోవద్దని నేను అనడం లేదు. వెల కట్టవద్దంటున్నాను.

ఇక కథ చివరి నీతి. కథ ముగియగానే పుస్తకం మూసి 'దీనివల్ల మనకు తెలిసిందేమిటి?' అని అడగడం, పిల్లలంతా ఒకే రాగంలో 'అబద్ధం ఆడరాదు' అనడం. ఈ దృశ్యం మీ దగ్గరా జరుగుతూ ఉంటుంది. డార్సియా నార్వాయెజ్ 1990ల చివర చేసిన పరిశోధనలో, నీతి కోసమే రాసిన కథలు చదివిన మూడో తరగతి పిల్లల్లో చాలామంది రచయిత ఉద్దేశించిన నీతిని పట్టుకోలేకపోయారు. కథలో వాళ్లకు వేరే ఏదో కనిపించింది. ఆ వేరే ఏదో ఏమిటో మనం ఎప్పుడైనా అడిగామా? కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ బృందం 2014లో ఇంకో సంగతి బయటపెట్టింది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు అబద్ధం, నిజం గురించిన ప్రసిద్ధ కథలు వినిపించి, తర్వాత వాళ్లు ఒక చిన్న తప్పును ఒప్పుకుంటారా లేదా అని చూశారు. అబద్ధం చెప్పినవాడికి శిక్ష పడే కథలు విన్న పిల్లల్లో ఏ మార్పూ లేదు. నిజం చెప్పి మెప్పు పొందిన పిల్లవాడి కథ విన్నవాళ్లు మాత్రం ఎక్కువగా నిజం చెప్పారు. భయపెట్టే కథ పనిచేయలేదు. తప్పు ఒప్పుకున్నా తనను ఆదరిస్తారన్న ధైర్యం ఇచ్చిన కథ పనిచేసింది.

ఈ ధైర్యాన్ని కథ ఒక్కటే ఇవ్వలేదు. ఇవ్వవలసింది ఆ కథను పక్కన కూర్చుని విన్న తండ్రి, తల్లి, అమ్మమ్మ. పెద్దవాళ్లను లోపలికి రానిచ్చిన తర్వాత ఒకరోజు, పగిలిన కుండ గురించిన ఒక చిన్న కథ చదువుతున్నాం. పగలగొట్టిందెవరో చెప్పకుండా పాత్రలన్నీ ఒకరినొకరు చూపించుకుంటాయి. ఒక చిన్నపాప తండ్రివైపు తిరిగి, "నాన్నా, మొన్న గడియారం పగిలినప్పుడు నువ్వు నన్ను తిట్టావు. అది నేను కాదు" అంది. గదిలో అందరూ ఆయనవైపే చూశారు. ఆయన ఎర్రబడ్డారు. కాసేపటికి, "అవునమ్మా, అది నా చేతిలోంచే జారింది. నిన్ను తిట్టడం తప్పు" అన్నారు. నేను కథ ముందుకు సాగించలేకపోయాను, గొంతు పూడుకుపోయింది. నిజం ఒప్పుకోవడం అంటే ఏమిటో ఆ పూట ఆ గదిలోని పిల్లలందరూ చూశారు. ఆ తండ్రి బయట బల్ల మీద ఉండి ఉంటే ఆ గడియారం సంగతి ఆ పాప మనసులోనే ఉండిపోయేది.

పెద్దవాళ్లు ముందుగా తామే చేసి చూపడం ఎంత పనిచేస్తుందో జపాన్‌లోని ఉదయపు పఠనం చెబుతుంది. 1988లో చిబా ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో మొదలైంది. పాఠాలకు ముందు 10 నిమిషాలు. అందరూ చదవాలి, రోజూ చదవాలి, తమకు నచ్చిన పుస్తకం చదవాలి, ఊరికే చదివితే చాలు. సమీక్ష రాయనక్కర్లేదు, ప్రశ్నలకు జవాబులు చెప్పనక్కర్లేదు. 'అందరూ' అన్నమాటలో ఉపాధ్యాయులూ ఉన్నారు. ఆ 10 నిమిషాల్లో హాజరు పట్టీ రాసుకోవడానికి వీల్లేదు, తామూ పుస్తకం తీసి చదవవలసిందే. తర్వాతి దశాబ్దాల్లో వేల పాఠశాలలు ఆ పద్ధతిని అందుకున్నాయి.

అయితే అన్ని కుటుంబాలనూ మన గుమ్మం దాకా రమ్మనడం కూడా న్యాయం కాదు. రెండు పనులు చేసుకునే తల్లికి సెలవు రోజు ఉండదు. అలాంటి చోట మనమే కదలాలి. కొలంబియాలో లూయిస్ సోరియానో అనే ఉపాధ్యాయుడు రెండు గాడిదల మీద పుస్తకాలు వేసుకుని మారుమూల పల్లెలకు ఏళ్ల తరబడి వెళ్లాడు. ఆ గాడిదల పేర్లు ఆల్ఫా, బేతో. రెండూ కలిపి పలికితే స్పానిష్‌లో అక్షరమాల. బోస్టన్‌లో 1989లో కొందరు శిశువైద్యులు, పరీక్షకు వచ్చిన ప్రతి బిడ్డకూ ఒక పుస్తకం చేతికిచ్చి, ఇంట్లో ఎలా చదవాలో రెండు మాటల్లో తల్లికి చెప్పే పద్ధతి మొదలుపెట్టారు. తల్లి ఎలాగూ వెళ్లే చోటికి పుస్తకం ముందే వెళ్లి కూర్చుంది. మీరూ చూడండి. టీకాలు వేసే చోట, బస్సు కోసం ఎదురుచూసే చోట, అమ్మలు వరుసలో నిలబడే ప్రతి చోటా నాలుగు బొమ్మల పుస్తకాలు, ఒక మనిషి ఉండవచ్చు.

పుస్తకాలను ఇంటికి పంపడానికి భయపడకండి. చిరిగిపోతాయి, తడిసిపోతాయి, కొన్ని తిరిగి రావు అని పుస్తకాల అరకు తాళం వేసే సంస్థలు నాకు తెలుసు. 27 దేశాల సమాచారంతో మరియా ఎవాన్స్, సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పుస్తకాలు నిండిన ఇంట్లో పెరిగిన పిల్లలు పుస్తకాలు లేని ఇంటి పిల్లలకంటే సగటున మూడేళ్లు ఎక్కువ చదువుకున్నారు. తల్లిదండ్రుల చదువు, వృత్తి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా నిలిచింది. పుస్తకాలు ఒక్కటే కారణమని నేను అనను. పుస్తకాలుండే ఇంట్లో ఇంకా ఎన్నో ఉంటాయి. కానీ అట్ట కొసలు నమిలి, పేజీల మీద వేలిముద్రలు పడి తిరిగి వచ్చిన పుస్తకం నా చేతికి వస్తే నాకు కోపం రాదు. కొత్తగా, మడత నలగకుండా తిరిగి వచ్చినదాన్ని చూస్తేనే దిగులు.

మీ వార్షిక నివేదికల గురించీ ఒక మాట. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని పుస్తకాలు పంచారు, ఎన్ని బహుమతులు ఇచ్చారు. ఈ మూడు అంకెలూ పెద్దవిగా ఉండటం కోసమే మన కార్యక్రమాలు ఆ రూపంలోకి ఒదిగిపోయాయి. ఈసారి వేరే లెక్కలు రాయండి. ఎంతమంది పెద్దవాళ్లు లోపల కూర్చున్నారు? ఎంతమంది ఒక్కసారైనా తామే కథ చెప్పారు? ఇంట్లో ఆ వారం ఏ పుస్తకం గురించి ఏం మాట్లాడుకున్నారో చెప్పగలిగినవాళ్లు ఎందరు? ఈ అంకెలు చిన్నవిగా ఉంటాయి. విరాళాలు ఇచ్చేవాళ్ల ముందు పెట్టడానికి మొహమాటంగానూ ఉంటుంది. అయినా పెట్టండి. ఎందుకు చిన్నవిగా ఉన్నాయో వివరించే బాధ్యత తీసుకోండి.

చోటు చాలదంటారు. పిల్లల సంఖ్యను సగం చేసి రెండు పూటలుగా నడపండి. పెద్దవాళ్లుంటే పిల్లలు బిడియపడతారంటారు. మొదటి రెండు మూడు వారాలు నిజమే, తర్వాత పోతుంది. పెద్దవాళ్లే బిడియపడతారంటారు. అదీ నిజమే, అది పోవడానికి నెలలు పడుతుంది. అందుకే మొదటి రోజు వాళ్లకు చదివే పని ఇవ్వకండి. బొమ్మ చూపించి ఇదేమిటో మీకు తెలుసా అని అడగండి. వాళ్లకు తెలిసినది ఏదో ఒకటి ఆ బొమ్మలో ఉండేలా పుస్తకం ఎంచుకోండి. తప్పు దిద్దకండి, అక్షరం రాదని తెలిసినట్టు కూడా కనిపించకండి. వాళ్లు మాట్లాడుతున్నప్పుడు మీ కథ ఆగిపోతే ఆగనివ్వండి.

పెద్దవాళ్లతో కలిసి నడిపే మొదటి కథాసమయానికి తోడు కావాలనుకునే ఏ సంస్థ పిలిచినా నేను వస్తాను. నాతోపాటు ఆ మాటలు లేని పడవ పుస్తకం తెస్తాను. మీరు చేయవలసిన ఏర్పాటు ఒక్కటే. నేను వచ్చేసరికి ఆ బల్ల గుమ్మం లోపల ఉండాలి.

ఇట్లు,
పిల్లలకు కథలు చదివి వినిపించే ఒక కార్యకర్త